తెగిందనుకున్న అంచు

మా అక్క గురించి చెప్పాలంటే నాకు ముందు కోపం వస్తుంది. తర్వాత జాలి, ఆ తర్వాత మళ్ళీ కోపం. ఈ వరుస తప్పేలా లేదు కాబట్టి చదివేవాళ్ళే కాస్త ఓపిక పట్టాలి.

నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. రోజంతా పక్క సీట్లో కూర్చుని, నా వైపున్న బ్రేకు మీద కాలు పెట్టుకుని, ఊళ్ళోవాళ్ళ తప్పులకి నా ప్రాణం అడ్డం వేస్తుంటాను. నాకు ఓపిక తక్కువని ఇంట్లో అంటారు. నిజానికి మా ఇంటికి రావలసిన ఓపికంతా అక్క పుడుతూనే పట్టుకుపోయింది. నా వంతు వచ్చేసరికి గిన్నె ఖాళీ.

అక్క రేడియో టెలిస్కోపుల కేంద్రంలో పనిచేస్తుంది. పెద్ద మైదానంలో తెల్లటి డిష్‌లు దూరందూరంగా నిలబడి ఆకాశం నుంచి వచ్చే రేడియో అలల్ని పట్టుకుంటాయి. పట్టినదాంట్లో ఆకాశానిది చారెడు, మనుషులది బస్తాడు. ఫోన్లు, విమానాలు, ఉపగ్రహాలు, ఎక్కడో ఎవరో వెల్డింగు చేస్తే లేచే రవ్వలు, అన్నీ వచ్చి అందులో పడతాయి. వాటిని ఏరి కొట్టేసి, మిగిలినదాన్ని పరిశోధకులకి శుభ్రంగా అందించడం అక్క ఉద్యోగం. అందుకే అక్కడ అందరూ ఆవిణ్ణి చీపురు మేడం అంటారు. ఆవిడకీ ఆ పేరంటే ఇష్టమే. నాకే ఒళ్ళు మండుతుంది. భౌతికశాస్త్రంలో అంత చదువు చదివి, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద బతుకుతూ, చీపురని పిలిపించుకుని నవ్వే మనిషిని ఏమనాలి?

ఆ కేంద్రంలోకి నా కారును రానివ్వరు. పెట్రోలు కారు ఇంజనులో స్పార్కు ప్లగ్గు కొట్టే ప్రతి రవ్వా డిష్‌లకి వినబడుతుందట. గేటు దగ్గర దింపేస్తే, లోపలి నుంచి ఒక ముసలి డీజిలు వ్యాను ఈడ్చుకుంటూ వచ్చి అక్కను ఎక్కించుకుపోతుంది. అక్కకి డ్రైవింగ్ రాదు. నేర్పడానికి నేను చెయ్యని ప్రయత్నం లేదు. స్టీరింగు పట్టుకున్న కాసేపటికే కూడలి మధ్యలో బండి ఆపేసి ఏదో ఆలోచనలో పడుతుంది. వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే, ఇంత చప్పుడులో ఏది పనికొచ్చేదో ఎలా తెలుస్తుందే అని నన్ను అడుగుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నా సొంత అక్క దగ్గరే నా విద్య పారలేదు.

ఆవిడ ఆలోచనంతా ఒక గెలాక్సీ మీద. దానికి పేరు లేదు, జాబితాలో ఒక అంకె మాత్రం ఉంది. మా ఇంట్లో దాన్ని చక్రం అంటాం. నడుమ ముద్దగా వెలుగు, దాని చుట్టూ సుళ్ళు తిరిగిన చేతులు. ఫొటోలో చూస్తే ఆ చేతులు ఒకచోట ఆగిపోయినట్టే ఉంటాయి. అయితే ఉపగ్రహం నుంచి అతినీలలోహిత కాంతిలో తీసిన బొమ్మ ఒకటుంది. అందులో ఒక పక్కన, చేతులు ఆగిపోయిన చోటుకి చాలా అవతల, నల్లటి ఖాళీలో నీలం చుక్కలు కొన్ని కనిపిస్తాయి. అవి అప్పుడే పుట్టిన నక్షత్రాలని అక్క వాదన. అంత వేడిగా మండే నక్షత్రాలు ఎక్కువ కాలం బతకవు. వేరేచోట పుట్టి అంతదూరం నడిచివచ్చే ఆయుష్షు వాటికి లేదు. కాబట్టి అక్కడే పుట్టి ఉండాలి.

ఇది విన్న రోజునుంచి నాన్న వాటిని పిల్లలు అనడం మొదలుపెట్టాడు. మా నాన్న ఎలక్ట్రీషియన్‌గా చేసి మానేశాడు. ఆయన గదినిండా తీగముక్కలు, పాత స్విచ్చులు, కాలిపోయిన మోటార్లు. సెలవురోజున అక్క ఆ గది సర్దబోతుంది, ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కాస్తాడు. చూసి పారెయ్, చూసి పారెయ్ అని మా చిన్నప్పటి నుంచీ ఒకటే పాట. ఇన్నేళ్ళుగా అక్క పారేస్తూనే ఉంది, ఆయన చెత్తబుట్టలోంచి వెనక్కి తెచ్చుకుంటూనే ఉన్నాడు.

సరే, పిల్లలున్నారు. మరి వాళ్ళు దేనిలోంచి పుట్టారు? నక్షత్రాలు గ్యాసులోంచి పుడతాయి. చల్లటి హైడ్రోజను ఒకచోట చేరి, చిక్కబడి, తన బరువుకి తానే కుంగితే నక్షత్రం అవుతుంది. గెలాక్సీ నడుమ గ్యాసు చిక్కగా ఉంటుంది కాబట్టి అక్కడ పుట్టడంలో వింతలేదు. అంచుల్లో అది పలచబడిపోతుంది. అంత పలచటి చోట నక్షత్రం పుట్టనే పుట్టదని ఒక వర్గం, అక్కడక్కడా గడ్డకట్టి పుడుతుందని ఇంకో వర్గం, ఈ తగువు ఎన్నాళ్ళ నుంచో నడుస్తోందట. అక్క రెండో వర్గం. ఆ నీలం చుక్కల చోట గ్యాసు కనిపిస్తే తన మాట నిలబడుతుంది. కనిపించకపోతే అవి చక్రానివి కావు, దాని వెనక ఎక్కడో దూరాన ఉన్న వేరే గెలాక్సీలు, అంతే.

కనిపించలేదు. డిష్‌లు వాడుకునే సమయం కావాలని దరఖాస్తు పెట్టి, తిరస్కరించాక మళ్ళీ పెట్టి, ఎలాగో సంపాదించి చూస్తే చక్రానికి ఆ పక్క అంచంతా ఖాళీ. అవతలి పక్కన మాత్రం గ్యాసు చాలా దూరం వరకూ పరుచుకుని ఉంది. నీలం చుక్కలున్న పక్కన కత్తితో కోసినట్టు ఆగిపోయింది.

అంతకుముందు తక్కువసేపు చూసి తీసిన పాత బొమ్మలోనూ ఇలాగే ఉండటంతో, దీనికి కేంద్రం పెద్దాయన దగ్గర ఎప్పుడో సిద్ధంగా జవాబుంది. ఒకప్పుడు వేరే గెలాక్సీ ఏదో దగ్గరగా దూసుకుపోతూ ఆ అంచుని చీల్చుకుపోయిందని ఆయన సిద్ధాంతం. ఆయనకి పేరు తెచ్చింది అదే. తెగిన చక్రం బొమ్మను పెద్దది చేయించి, చట్రం కట్టించి, నడవాలో వేలాడదీశారు. అక్క రోజూ దాని కిందనుంచే నడవాలి. పెద్దాయన చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే నాకు తిట్టుకోవడానికి సులువుగా ఉండేది. తెగిపోయిన చోట గ్యాసెందుకుంటుందమ్మా, వదిలేయండి అని నెమ్మదిగా, ప్రేమగానే చెప్పేవాడు. అలా నెమ్మదిగా చెప్పేవాళ్ళతో ఎలా పోట్లాడతాం?

ఇంట్లో నాన్న రోజూ భోజనం దగ్గర అదే ప్రశ్న. గ్యాసు దొరికిందా? నీ గ్యాసు సంగతి డాక్టరు చూసుకుంటాడు, అక్క గ్యాసు సంగతి నీకెందుకు నాన్నా అని నేను కసిరేదాన్ని. అక్క తల అడ్డంగా ఊపి పళ్ళెం తీసి లేచిపోయేది. ఎన్ని ఏళ్ళు గడిచినా అదే ప్రశ్న, అదే తల ఊపు. ఒక్కోసారి నాకు పళ్ళెం విసిరేయాలనిపించేది.

ఆఖరిసారి దరఖాస్తు పెట్టినప్పుడు, డిష్‌లు ఎవరికివ్వాలో తేల్చే కమిటీవాళ్ళు ఒక షరతు పెట్టారు. ఈసారి కూడా ఏమీ కనిపించకపోతే చక్రం ఊసు ఇక ఎత్తకూడదు. కాంట్రాక్టు మాట కూడా అప్పుడే చూస్తారు. అక్క ఒప్పుకుంది. డిష్‌లు తిరిగాయి, డేటా వచ్చింది, అక్క ఏరింది, తుడిచింది, బొమ్మ వేసింది. ఆ అంచు ఎప్పటిలాగే ఖాళీ.

ఆ రోజు గేటు దగ్గర కారెక్కి, సీటుబెల్టు పెట్టుకోవడం మర్చిపోయి, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఏడిస్తే బాగుండు అనుకున్నాను, ఏడవలేదు. "కమిటీ ముందు కూర్చునేలోపు ఇంకొక్కసారి తుడిచి చూస్తాను" అంది. "తుడిచిందే ఎన్నిసార్లు తుడుస్తావే తల్లీ" అన్నాను. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు, ఆ చక్రాన్ని పట్టుకుని ఎన్నాళ్ళు ఈదుతుందో నాకు అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడే కేంద్రంలో పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెట్టారు. అక్క పాత ఫైలు కొత్తవాటి మీద నడవలేదు. ఫైలంటే కాగితం కాదు. డేటా రాగానే ఏమేం కొట్టెయ్యాలో, ఏ వరుసలో కొట్టెయ్యాలో కంప్యూటరుకి చెప్పే ఆదేశాల మూట. అక్క ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసింది. అది అంత బాగుందని కేంద్రమంతా వాడుతోంది. తాళింపులో ఆవాలు ముందు వేసినట్టు అందులో మొదటి మెట్టు ఎప్పుడూ ఒకటే: మన గాలి తీసెయ్.

ఆ మెట్టు ఏమిటంటే, మనం కూడా ఒక గెలాక్సీలోనే ఉన్నాం కదా, మన చుట్టూ కూడా హైడ్రోజను ఉంది, అక్క దాన్నే మన గాలి అంటుంది. ఎటు తిరిగి చూసినా దాన్ని దాటే చూడాలి. మనింట్లో పొగ కమ్ముకుంటే పక్కింటి పొయ్యి వెలిగిందో లేదో కనిపించనట్టు. అయితే ఒక వెసులుబాటు ఉంది. గ్యాసు మనవైపు వస్తోందా, దూరంగా పోతోందా, ఎంత వేగంతో అన్నదాన్ని బట్టి రేడియోలో స్టేషను మారుతుంది. మన గాలి వేగం తెలిసిందే, కాబట్టి అది పలికే స్టేషన్లు మొత్తం కొట్టేస్తే పొగ పోతుంది. చాలా గెలాక్సీలు వేరే స్టేషన్లలో పలుకుతాయి కాబట్టి నష్టం లేదు. అందరూ చేసేదే. అక్క ఇంకాస్త శుభ్రం మనిషి కాబట్టి, అటూ ఇటూ నాలుగు స్టేషన్లు ఎక్కువే కొట్టేయమని రాసింది.

ఫైలు నడవకపోయేసరికి అక్కకి కోపం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడకి కోపం రావడం నేను చూడలేదు, ఇప్పుడూ చూడలేదు, వ్యాను డ్రైవరు చెప్పాడు. కీబోర్డుని తోసేసి, మెట్టూ వద్దు ఏమీ వద్దని, మన గాలి తీయకుండానే చేత్తో ఒక్కో స్టేషనూ తెరిచి చూడటం మొదలుపెట్టిందట.

మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గర నేను ఎదురుచూస్తుంటే అక్క రాలేదు. ఫోను చేద్దామంటే లోపల ఫోన్లు పనిచేయవు. చివరికి వ్యాను వచ్చి నన్నే ఎక్కించుకుని లోపలికి తీసుకుపోయింది. కిటికీల్లేని గది, గోడలకి రాగి జల్లెడ, లోపలి కంప్యూటర్ల రేడియో చప్పుడు కూడా డిష్‌లకి చేరకుండా. అక్క నన్ను చూడగానే కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

తెరమీద బూడిదరంగు మసక. మన గాలి అది. దాని నడుమ, నీలం చుక్కలున్న చోట, కాస్త చిక్కగా ఒక గడ్డ. అక్క స్టేషన్లు ఒక్కొక్కటే మార్చింది. చక్రంలో గ్యాసు కనిపించే ఆఖరి స్టేషను దగ్గర మొదలుపెట్టి పక్కదానికి జరిగితే గడ్డ కొంచెం బయటికి జరిగింది. మళ్ళీ జరిగితే ఇంకొంచెం. మసక మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. గడ్డ ఒక్కటే వరుస తప్పకుండా, చక్రం చేతినుంచి బయటికి, అంచు చివరిదాకా నడుచుకుంటూ పోయింది. నాకు శాస్త్రం తెలియదు, కానీ పట్టాలు తప్పకుండా పోయేది ఒకే బండి అని మాత్రం తెలుసు.

చక్రం అంచు చదునుగా లేదట, టోపీ అంచులా కాస్త వంగి ఉందట. ఆ వంపువల్ల ఆ పక్క గ్యాసు మనకి సరిగ్గా మన గాలి వేగంతోనే కనిపిస్తోంది. అదే స్టేషనులో పలుకుతోంది. మొదటి మెట్టులో మన గాలితోపాటు అదీ పోతోంది. చక్రాన్ని ఎవరూ చీల్చలేదు. అది ఎప్పుడూ తెగలేదు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావు కదే" అన్నాను.

"చంకలో కాదే" అంది అక్క. "నేనే చెత్తబుట్టలో వేసి వెతికాను."

అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఏడవనిది, దొరికినరోజు ఏడ్చింది. నేను ఆ రాగి గోడల మధ్య ఏం చెయ్యాలో తెలియక ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

నేను రాకముందే పెద్దాయనకి చూపించిన సంగతి తిరిగొచ్చేటప్పుడు కార్లో చెప్పింది. ఇది మన గాలిలో మబ్బు కాదని ఎలా అంటారు అని అడిగాడట. అడగవలసిందే. స్టేషన్లు ఒక్కొక్కటే మార్చి చూపిస్తే, మళ్ళీ మొదటినుంచి చూపించమన్నాడట. తర్వాత కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడట. ఆయన తెగిన చక్రం బొమ్మ కూడా అక్క ఫైలుతో తుడిచిందే. ఆయనకి పేరు తెచ్చిన కోత అక్క కోసింది. ఆ మాట ఇద్దరిలో ఎవరూ అనలేదట.

చివరికి ఆయన ఒక దారి చెప్పాడు. నీలం చుక్కల పేపరు రాయండి, కొత్త పద్ధతిలో తుడిచాం అని ఒక్క వాక్యం పెట్టండి, కాంట్రాక్టు సంగతి నేను చూసుకుంటాను. పాతదాంట్లో తప్పుందని ఇప్పుడే ఊరంతా దండోరా ఎందుకు, మెల్లగా చెబుదాం అన్నాడట.

నేను బండిని రోడ్డు పక్కన ఆపాను. "మంచిదేగా. నీకు కావలసింది అదేగా. రాసెయ్" అన్నాను.

"ఆ ఫైలుతో ఇంకెన్ని చక్రాల అంచులు కోశానో నాకే తెలీదే" అంది. "ఎవరో ఒకరు ఇప్పుడు నాలాగే కూర్చుని వెతుకుతుంటారు. లేదని రాసేసుకుంటుంటారు."

"వెతుక్కోనీ. నువ్వు వెతికినప్పుడు నీకెవరు చెప్పారు?"

అక్క కిటికీ అవతల చూస్తూ కూర్చుంది. అలా కూర్చుందంటే నిర్ణయం అయిపోయిందన్నమాటే. నేను గేరు వేసి ఎంత గట్టిగా క్లచ్ వదిలానంటే, నా దగ్గర నేర్చుకునేవాళ్ళెవరైనా అలా చేసుంటే ఆరోజే దింపేసేదాన్ని.

మర్నాడు ఫైలు వాడుతున్న ప్రతి ఒక్కరికీ వర్తమానం పంపింది. మొదటి మెట్టు తప్పు, రాసింది నేను, దీనితో తుడిచినవన్నీ మళ్ళీ చూడాలి. దానికింద తన పేరు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా నెత్తురు ఉడుకుతుంది. కాంట్రాక్టు పొడిగించారు. అయితే పాత డేటా మొత్తం మళ్ళీ తుడవడానికి మాత్రమే. అందరి చక్రాలూ ముందు, అక్క చక్రం ఆఖరున, ఎందుకంటే దాంట్లో తప్పేమిటో తెలిసిపోయింది కదా, తొందరేముంది అన్నారు. నీలం చుక్కల పేపరు సగంలో ఉంది. క్యాంటీనులో ఎవరో, చీపురు మేడం చెత్తతోపాటు చంటిపిల్లనీ ఊడ్చేసింది అని జోకు వేశారట. అది చెప్పి అక్క నవ్వింది. నేను నవ్వలేదు. పెద్దాయన తన సిద్ధాంతాన్ని వెనక్కి తీసుకుంటూ పొట్టి ప్రకటన ఒకటి ఇచ్చాడు. అది ఆయన మర్యాద, ఒప్పుకుంటాను. నడవాలో బొమ్మ మాత్రం ఇంకా వేలాడుతోంది. తీస్తే గోడమీద మచ్చ పడి ఉంటుందని ఎవరూ తీయలేదట.

ఇంట్లో నాన్నకి ఇదంతా అక్క చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు. ఆయన ప్రశ్న ఆయన వేస్తూనే ఉన్నాడు, ఆవిడ తల ఊపుతూనే ఉంది. ఒక సెలవురోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మళ్ళీ అడిగాడు. గ్యాసు దొరికిందా?

అక్క చెయ్యి ఆగిపోయింది. "దొరికింది నాన్నా. ఎప్పుడూ అక్కడే ఉంది. నేనే చూడకుండా పారేశాను."

నేను మంచినీళ్ళ గ్లాసు గట్టిగా పట్టుకున్నాను. చూసి పారెయ్ అని చిన్నప్పటి నుంచీ చెప్పానా అని ఆయన అంటాడు, అన్నాడంటే మాత్రం ఈ ఇంట్లో ఈరోజు గొడవే అని సిద్ధంగా ఉన్నాను. ఆయన ఆ మాట అనలేదు. గ్యాసు ఎలా పోయిందో, ఎలా దొరికిందో కూడా అడగలేదు.

"మరి పిల్లలు?" అన్నాడు. "పిల్లలు బాగున్నారా?"

అక్క నిజమే చెబుతుంది, ముసలాయనకి కూడా. "మనం చూసిన వెలుతురు అక్కడ బయల్దేరి కోట్ల ఏళ్ళయింది నాన్నా. ఆ పిల్లలు అంతకాలం బతకరు. ఎప్పుడో పోయుంటారు."

నాన్న ముఖం చిన్నబోయింది. ఇన్నేళ్ళుగా రోజూ అడిగిన పిల్లలు. అక్కను చూసి నాకు మళ్ళీ కోపం వచ్చింది, ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయింది అనిపించింది.

"అందుకే గ్యాసు కోసం వెతికింది" అంది అక్క. "గ్యాసు లేకపోతే వాళ్ళతోనే ఆఖరు. ఉంది కాబట్టి వాళ్ళ తర్వాత ఇంకొంతమంది పుట్టుంటారు. ఇప్పుడు కూడా పుడుతూనే ఉంటారు."

నాన్న తన పళ్ళెం పక్కకి జరిపి, లేచి, గదిలోకి వెళ్ళి, తలుపు బార్లా తీశాడు. గుమ్మంలో ఎప్పుడూ ఉండే కుర్చీ తీసి గోడకి ఆనించాడు.

"భోంచేశాక వచ్చి సర్దమ్మా" అన్నాడు అక్కతో. "నేను అడ్డం రానులే."

అక్క ఆ మధ్యాహ్నమంతా ఆ గదిలో నేలమీద కూర్చుని ఒక్కో తీగముక్కనీ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. సాయంత్రానికి చెత్తబుట్టలో ఒక్కటి కూడా పడలేదు.